ఇంగ్లీషులో ‘ఆయన’ లేడు

మొన్న మా కాల్ సెంటర్‌లో నేను ఇంగ్లీషు నేర్పే కొత్త బ్యాచ్‌లో ఒక అమ్మాయి లేచి నిలబడి తన కుటుంబం గురించి ఇంగ్లీషులో చెప్పసాగింది. “మై ఫాదర్... దే ఆర్ వెరీ స్ట్రిక్ట్” అంది. వెనక వరసలో నవ్వు పుట్టింది. “ఎంతమంది నాన్నలంట?” అని ఒకడు గొణిగాడు, నాకు వినపడేట్టుగానే. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ రోజు ముక్కు కూడా దాటింది. నవ్వినవాణ్ణి నిలబెట్టి నాలుగు చీవాట్లు పెట్టి, ఆ అమ్మాయిని కూర్చోమన్నాను. తర్వాత బోర్డు మీద రాయబోతే ఏం రాయాలనుకున్నానో గుర్తు రాలేదు. అందర్నీ టీ తాగి రమ్మని పంపేసి గాజు గోడ దగ్గర నిలబడ్డాను. కింద ఫ్లైఓవర్ మీద బండ్లు కదలక మెదలక ఉన్నాయి. ఒక మనిషి గురించి ‘దే’ అనడం విని చాలా కాలమైంది. ఆ మాట ఒకామె చేత మాన్పించడానికి నేను పడ్డ తిప్పలు, మాన్పించాక జరిగినది, రెండూ గుర్తొచ్చాయి.

ఆమె పేరు చెప్పను. ఫ్లోర్ మీద అందరికీ అక్కే. మాదాపూర్‌లో మా ఆఫీసు ఉన్న వీధికి అవతల ఒకప్పుడు వాళ్ల మేనమామ జొన్న వేసేవాడట. ఆ మాట మాత్రం గర్వంగా చెప్పేది. పొడుగు మనిషి, పెద్ద చేతులు. ఐడీ కార్డు ఊగుతుంటే చిరాకని చున్నీలోకి దోపుకునేది. గేటు దగ్గర సెక్యూరిటీ అడిగినప్పుడల్లా చున్నీలో వెతుక్కుంటూ, “ఉన్నదయ్యా, ఏడికి పోతది, రోజు చూస్తలేవా నన్ను” అని అతన్నే కసిరేది.

ఆమెను నేను మొదట గమనించింది నీళ్ల దగ్గర. పొద్దున ఆఫీసుకు రాగానే బ్యాగు కూడా దించకుండా నేరుగా వాటర్ కూలర్ దగ్గరికి పోయేది. సీసా నింపి, ఎత్తిపట్టి, గటగటా తాగేది. నీళ్లు గడ్డం మీదుగా కారి చున్నీ తడిసినా పట్టించుకునేది కాదు. మళ్లీ నింపేది, మళ్లీ తాగేది. ఎండలో నడిచొచ్చి ఉంటుందనుకున్నాను. చలికాలంలోనూ అదే తంతు. ఏమిటీమె, ఇంట్లో నీళ్లు రావా అని పక్కవాళ్లతో అన్నాను కూడా.

భోజనాల దగ్గర ఇంకో చిత్రం. ఆమె డబ్బాలో కూర ఉతికిన గుడ్డలా తెల్లగా ఉండేది. ఉప్పు లేదు, కారం లేదు, పులుపు లేదు. నాది తెనాలి వైపు కాబట్టి నా డబ్బాలో ఏది ఉన్నా లేకపోయినా ఆవకాయ ఉంటుంది. ఆమె నా పక్కన కుర్చీ లాక్కుని, “జర తొక్కు పెట్టుండ్రి మేడం” అనేది. తొక్కు కాదక్కా, ఆవకాయ అంటే, “ఏదైతేంది, నాలికకు తెల్వద్దా బతికున్ననని” అనేది. ముక్క చీకి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండేది. వయసులో ఆమె నాకంటే చాలా పెద్ద. అయినా నేను ఇంగ్లీషు నేర్పేదాన్ని కాబట్టి నన్ను మేడం అనేది, ఎన్నిసార్లు వద్దన్నా.

ఆమె పని చాట్‌లో. విదేశాల్లో ఎవరి పార్సిల్ రాకపోయినా, ఎవరి డబ్బు తిరిగి పడకపోయినా, వాళ్లు తిడుతూ టైపు చేస్తే ఈమె రెండు వేళ్లతో టకటకా జవాబు కొట్టేది. సగం జవాబులు ముందే రాసిపెట్టినవి, నొక్కితే పోతాయి. మిగతా సగంలో తప్పులుంటే కంప్యూటరే దిద్దేది. అలా ఏళ్ల తరబడి ఆమె ఇంగ్లీషు ఎవరి కంటా పడకుండా సాగిపోయింది. తరువాత చాట్ మొత్తం బాట్‌కు అప్పగించారు. చాట్‌లో ఉన్నవాళ్లంతా ఫోన్‌లో మాట్లాడే పనికి మారాలన్నారు. మారాలంటే క్లయింట్ వైపు నుంచి ఒకరు ఫోన్‌లో కాసేపు మాట్లాడించి చూస్తారు. పాసైతే వాయిస్‌లో ఉంటారు, లేకపోతే ఇంటికి.

ఆమె మొదటిసారి తప్పింది. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. పైనుంచి వచ్చిన మాట ఒక్కటే: సర్వనామాలు సరిగ్గా లేవు. ఆ మాట పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మీటింగ్ గది తలుపు తోసి, నిలబడే అడిగింది.

“మేడం, గీ ప్రొనౌన్ అంటే ఏంది? గదొక్కటి నేర్పుండ్రి. మిగతాదంత నేను చూసుకుంట.”

ఇదెంత పని అనుకున్నాను. ‘ఐ’కీ ‘మీ’కీ తేడా చెబితే సరిపోతుంది, వారంలో తేలిపోతుంది అనుకున్నాను. పని చేసినవారు ముందు, ఆ పని ఎవరికి తగిలిందో వారు తర్వాత అని బోర్డు మీద బాణం గీసి చూపించాను. ఆమె బాణాన్ని చూడలేదు. తెలుగులో తనలో తాను ఏదో గొణుక్కుని, “సమజైంది” అంది. ఆమెకు ఆమే ఒక కిటుకు కనిపెట్టుకుంది. తెలుగులో ‘నేను’ అని ఉంటే ఐ. ‘ను’ గానీ ‘కు’ గానీ తగిలితే మీ. నన్ను పిలిచిండు, మీ. నాకు ఇచ్చిండు, మీ. నేను పోయిన, ఐ. నేను ఏది అడిగినా ఆ కిటుకు మీద టకటకా చెప్పేసింది. నేను కూడా భలే ఉందే అనుకున్నాను. ఇన్నేళ్లుగా బాణాలు గీస్తున్నాను గానీ నాకీ ఊహ రాలేదు.

మర్నాడు ఆ కిటుకు మా ఇద్దరి మీదా తిరగబడింది. ఏదో అడిగితే, “మీ నో మేడం” అంది.

“ఐ నో” అన్నాను.

“ఎందుకు? నాకు తెలుసు గదా. ‘కు’ ఉన్నది గదా!”

ఉంది. కాదనడానికి లేదు. ఇంగ్లీషులో తెలియడం మనం చేసే పని అక్కా, అన్నాను. ఆమె నమ్మలేదు.

“నాకు ఆకలైతుంది?”

“ఐ యామ్ హంగ్రీ.”

“నాకు భయమైతుంది?”

“ఐ యామ్ అఫ్రెయిడ్.”

“నాకు కావాలె?”

“ఐ వాంట్.”

కాసేపు బోర్డు వైపు చూసింది. “అంటే వాళ్లకు ఏది రాదన్నట్టు. అన్ని వాళ్లే చేస్తరు. మనకైతే ఆకలి, భయం, అన్ని వచ్చి మీద పడ్తయి” అంది. తర్వాత తనే నవ్వి, “ఇంగో తమాషా మేడం. వాళ్లు మీ అంటే నన్ను, నాకు అని చెప్పుకుంటరు. మనకేమో మీ ఇల్లు, మీ ఊరు అని మనదే అన్నట్టు ఇనపడ్తది” అంది. నాకూ నవ్వొచ్చింది. పాఠం మాత్రం ముందుకు కదల్లేదు.

నోటితో చెబితే కాదని చేతులతో చెబుదామనుకున్నాను. నా పెన్ను ఆమె చేతిలో పెట్టి, ఐ గేవ్ హర్ ఎ పెన్ అన్నాను. ఇచ్చింది నేను కాబట్టి ఐ, పుచ్చుకుంది అక్క కాబట్టి హర్. ఇప్పుడు మీరు ఎవరికైనా ఏదైనా ఇస్తున్నట్టు చెప్పండి అన్నాను. ఆమె పెన్నును అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేసింది.

“ఐ యామ్ గివింగ్ దెమ్ కిడ్నీ” అంది.

నాకు అర్థం కాలేదు. ముందు తప్పే కనపడింది. “దెమ్ ఏంటక్కా, ఎంతమందికి ఇస్తారు ఒక్క కిడ్నీ?” అన్నాను, ఆట పట్టిస్తూ.

“ఒక్కరికే మేడం. మా ఆయనకు.”

అప్పుడు చెప్పింది. ఆయనకు రెండు మూత్రపిండాలూ పాడై డయాలసిస్ మీద ఉన్నారు. బైక్ ట్యాక్సీ నడిపేవారు, ఇప్పుడు చందానగర్‌లో కిరాయి ఇంట్లో మంచం మీద కూర్చుని రోడ్డు చూస్తుంటారు. రోజుకు ఆయన తాగే నీళ్లకు కొలత ఉంది, అది దాటకూడదు. ఆయన కళ్ల ముందు ఈమె నీళ్లు తాగదు. ఆఫీసుకు వచ్చే దాకా దాహం ఓర్చుకుంటుంది. ఆయనకు పడని లవణాలు పోవాలని కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండుతుంది, అదే తనూ తెచ్చుకుంటుంది. ఆమె కిడ్నీ ఆయనకు సరిపోతుందని దవాఖానలో తేల్చారు. ఆపరేషన్ ఖర్చు ఆఫీసు ఇన్సూరెన్స్ ఇస్తుంది. ఉద్యోగం ఉన్నంతవరకే ఇస్తుంది.

“గా ఇన్సూరెన్స్ కార్డు మీద నా నంబరున్నది మేడం. నేను ఆఫీసుల ఉంటెనే కార్డు పని జేస్తది. ఫెయిలైననుకో, నా కిడ్నీ నా దగ్గరనే ఉంటది. ఆయన ఉండరు. గంతే ముచ్చట.”

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇచ్చేవారికి బీపీ ఉండకూడదట. పరీక్ష గురించి ఆలోచిస్తే ఆమెకు బీపీ ఎక్కేది. బీపీ ఎక్కితే నీ కిడ్నీ వద్దంటారేమోనని ఇంకా ఎక్కేది. డాక్టరు పరేషాన్ కావొద్దమ్మా అన్నాడట. “పరేషాన్ కావొద్దని జెప్పి పరేషాన్ జేసిండు మేడం” అంది. ఆ మాటకు నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాను. నా చేయి పట్టుకుని ఉంది, నొప్పి పుట్టేంత గట్టిగా.

ఆ రోజు నుంచి మా పాఠాల్లో పెన్నూ పుస్తకమూ పోయాయి. చెప్పినా చెప్పకపోయినా అన్ని వాక్యాలూ ఆయన చుట్టే తిరిగాయి. ‘ఐ’, ‘మీ’ రెండూ త్వరగానే దారికొచ్చాయి. ఆయన దగ్గరే ఆగిపోయాం. ఆయన తిన్నారా అంటే దే ఈట్. ఆయన్ని తీసుకెళ్లావా అంటే ఐ టేక్ దెమ్. మొదటి పరీక్షలో జరిగిందీ ఇదే. మీ ఇంట్లో ఎవరుంటారు అని అవతల అడిగితే, మై హజ్బెండ్, దే ఆర్ సిక్ అంది. దే అంటే ఎవరెవరు అని అవతలి గొంతు. మై హజ్బెండ్ అని ఈమె. ఇంకా ఎవరు అని అవతల. ఇంకెవ్వరూ లేరు అని ఈమె. ఇద్దరూ కాసేపు అలా తిరిగి తిరిగి ఆగిపోయారు.

“ఒక్కరైతే హీ అనాలక్కా” అన్నాను.

“హీ అంటే వాడు గదా మేడం. మా బడిల గట్లనే చెప్పిండ్రు. హీ అంటే వాడు, షీ అంటే ఆమె, ఇట్ అంటే అది.”

“వాడూ హీయే, ఆయనా హీయే. వాళ్ల రాజైనా హీయే.”

“వాళ్ల రాజు నాకెందుకు? మా ఆయన వచ్చిండ్రు, పోయిండ్రు, తిన్నరు అంట. దే కాకుంటె ఏమైతది? నా పెనిమిటిని పట్టుకుని హీ అంటే, ఎవరో పక్కింటాయన లెక్క ఉంటది మేడం. నోరు రాదు.”

నేను విసుక్కున్నాను. నా విసుగు మామూలు విసుగు కాదు, బ్యాచ్‌లో పిల్లలు నా మీద బొమ్మలు వేసుకుంటారు. భక్తి తర్వాత చూసుకుందాం, ముందు ఆపరేషన్ కానివ్వండి అన్నాను. ఆమె తల వంచుకుంది. అనమంటే నిజంగానే ప్రయత్నించింది. పెదవులు ‘హీ’ అనడానికి సాగేవి. గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. పోనీ పేరు పెట్టి చెప్పండి, అది ఇంగ్లీషులో మర్యాదే అన్నాను. చెంపలు వేసుకున్నంత పని చేసింది. పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు ఆమె పలకలేదు. దవాఖానలో పేషెంటు పేరు అడిగితే కార్డు చూపించేదట.

చివరికి నేనే ఒక అడ్డదారి చూశాను. హీ వద్దు, పేరు వద్దు. ప్రతిసారీ మై హజ్బెండ్ అనండి. విసుగ్గా ఉంటుంది గానీ తప్పు కాదు. ఆమె ముఖం వెలిగింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో, సాయంత్రం హైటెక్ సిటీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ కోసం నిలబడి, అదే జపం. మై హజ్బెండ్ వాంట్స్ వాటర్. ఐ గివ్ మై హజ్బెండ్ వాటర్. మై హజ్బెండ్ లైక్స్ మై హజ్బెండ్స్ బైక్. ప్లాట్‌ఫారం మీద పక్కన నిలబడ్డవాళ్లు ఆమెను చూసి కొంచెం జరిగేవారు. నేను గచ్చిబౌలి బస్సుకు పోవాల్సినదాన్ని, ఆమె రైలెక్కేదాకా అక్కడే ఉండేదాన్ని. రైలు కదిలాక కూడా తలుపు దగ్గర ఆమె పెదవులు కదులుతూనే ఉండేవి.

రెండో పరీక్ష ఒక సాయంత్రం పెట్టారు. నేర్పినదాన్ని కాబట్టి నన్నూ గదిలో కూర్చోనిచ్చారు, నోరు విప్పకూడదన్న షరతు మీద. చెరొక హెడ్‌సెట్. అవతల ఒకావిడ, గొంతు నెమ్మది. మీ మీద ఆధారపడిన ఒక మనిషి గురించి చెప్పండి అంది. పార్సిళ్ల గురించి అడుగుతారనుకున్నాను.

అక్క మొదలుపెట్టింది. మై హజ్బెండ్ ఈజ్ సిక్. మై హజ్బెండ్ హాజ్ కిడ్నీ ప్రాబ్లమ్. మై హజ్బెండ్ ఈజ్ ఎట్ హోమ్. చక్కగా పోతోంది. అవతలావిడ కాసేపు విని, చాలా మామూలుగా, “వాట్ డజ్ హీ డూ ఆల్ డే?” అని అడిగింది.

అక్క నోరు తెరిచి ఆగిపోయింది. ‘మై హజ్బెండ్’ అనొచ్చు. అదే నేర్పాను. కానీ అవతలి మనిషి ఆయన్ని ‘హీ’ అంటూ అడిగింది, ఆ మాట వినగానే ఈమె నేర్చుకున్నదంతా చెదిరిపోయినట్టుంది. ‘దే’ వస్తోంది పెదవుల మీదికి. నాకు కనపడుతోంది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె నా వైపు చూసింది. ఆ చూపును ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. చేయి విడిచేస్తున్న మనిషిలా చూసింది. అవతల, “హలో? ఆర్ యూ దేర్?” అన్నారు.

“హీ...” అంది అక్క.

అన్నాక ఇక ఆగలేదు. కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి, మాట మాత్రం వణకలేదు. “హీ వెయిట్స్ ఫర్ మీ. ఐ గివ్ హిమ్ వాటర్, వన్ గ్లాస్. హీ డ్రింక్స్ స్మాల్, స్మాల్. హీ ఆస్క్స్ మీ ఫర్ మోర్. ఐ కెనాట్ గివ్ హిమ్. హీ అండ్ ఐ ఆర్ సేమ్ బ్లడ్ గ్రూప్. ఐ యామ్ గివింగ్ హిమ్ మై కిడ్నీ.” అవతలావిడ థాంక్యూ అని మెల్లగా అంది. హీ ఉండాల్సిన చోట హీ, హిమ్ ఉండాల్సిన చోట హిమ్. ఒక్కటీ తప్పలేదు.

పాసయ్యారని అప్పటికప్పుడే చెప్పారు. నేను గదిలోనే ఎగిరి గంతేసినంత పని చేసి ఆమెను వాటేసుకున్నాను. ఆమె కట్టెలా నిలబడింది.

“అనేసిన మేడం. మా ఆయన్ని వాడు అన్న. గా పరాయామె ముంగట.”

“వాడు కాదక్కా. ఆయన అనే అన్నారు. హీ అంటే ఆయన కూడా.”

“ఇంగ్లీషుల ఆయన లేడు మేడం” అంది. “నేను సూడలేదనుకున్నరా? ఎంత ఎతికిన. లేడు.”

చెప్పులో కాలు సరిగ్గా పెట్టుకోకుండానే వెళ్లిపోయింది. మర్నాటికి మామూలు మనిషైంది. నీళ్ల దగ్గర ఎప్పట్లాగే గటగటా తాగింది. నా ఆవకాయ ముక్క అడిగి పుచ్చుకుని, ఇగ ఫికర్ లేదు మేడం, ఆపరేషనైతే ఆయనకు గూడ జర తొక్కు పెట్టొచ్చంట, మీరు పెద్ద సీసా తేవాలె అంది. తెనాలికి ఫోన్ చేసి అమ్మతో ప్రత్యేకంగా కలిపించాను, కారం తగ్గించి. ఇన్సూరెన్స్ వాళ్లు సరేనన్నారు. డాక్టర్లు తారీఖు చెబుతామన్నారు. ఆ కొద్ది రోజులు ఆమె ఫోన్‌లో మాట్లాడుతుంటే నేను పనిగట్టుకుని వెనక నుంచి వినేదాన్ని. ఎవరి భర్తనైనా హీ అనేది, ఎవరి తండ్రినైనా హిమ్ అనేది, తడుముకోకుండా. ఇంటి సంగతి వస్తే మాత్రం తెలుగులోకి దిగిపోయి, “మా ఆయన తిన్నరు”, “మా ఆయన పండుకున్నరు” అనేది.

తారీఖు రాకముందే ఆయనకు జ్వరం వచ్చింది. ఇన్ఫెక్షన్ అన్నారు. అది తగ్గితేనే ఆపరేషన్ అన్నారు. ఆమె సెలవు పెట్టింది. నాకు రోజూ ఒక మెసేజ్ పెట్టేది, తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో: ఇంక తగ్గలేదు, జర తగ్గింది, మల్ల వచ్చింది. ఆ మెసేజ్‌లు ఆగిపోయాయి. తరువాత ఆఫీసు నుంచి అందరికీ ఒక మెయిల్ వచ్చింది. మన సహోద్యోగి తన భర్తను పోగొట్టుకుంది అని ఇంగ్లీషులో. పోగొట్టుకున్నది ఆమె అట. కర్త స్థానంలో ఆమెను కూర్చోబెట్టారు, ఎక్కడో రైల్లో గొడుగు మరిచిపోయినట్టు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండిందో తెలియదు. వ్యాకరణం మీద మండితే ఏం లాభం?

చందానగర్‌లో ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. బజారు సందడి దాటి, ఒక గాజుల దుకాణం మీద రెండు గదులు. మెట్ల మీదే చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపల ఆడవాళ్లంతా కింద కూర్చుని ఉన్నారు. ఖాళీ మంచం కిటికీ పక్కకే ఉంది. కిటికీలో స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. ఆమె మంచం కోడుకు ఆనుకుని కూర్చుంది, ఆ పెద్ద చేతులు ఒళ్లో వదిలేసి.

వాళ్లమ్మ నన్ను చూసి దగ్గరికి వచ్చింది. ఆఫీసు మేడమని చెబితే నా చేతులు పట్టుకుంది.

“పోయిన కాంచి ఒక్క మాట మాట్లాడ్త లేదు బిడ్డా. ఏడుస్త గూడ లేదు. గుక్కెడు నీళ్లు ముడ్త లేదు. గిట్లయితే ఇది గూడ దక్కదు నాకు. నువ్వన్న జర మాట్లాడియ్యి.”

నేను పోయి ఎదురుగా కూర్చున్నాను. ఏం మాట్లాడించను? గ్లాసు నింపి ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని చూసింది, మంచాన్ని చూసింది, నన్ను చూసింది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. పెదవులు సాగాయి. ఆ సాగడం నాకు బాగా తెలుసు.

“హీ లెఫ్ట్ మీ” అంది.

గదిలో అందరూ ఒక్కసారి ముందుకు వంగారు. “మాట్లాడింది, మాట్లాడింది. ఏమంటుంది బిడ్డా?” అని వాళ్లమ్మ నా భుజం కుదిపింది. నేను తెలుగులో చెప్పలేకపోయాను.

“తెలుగుల అననీకి నోరొస్త లేదు మేడం” అంది ఆమె మెల్లగా. “హీ అంటే... ఎవరో పక్కింటాయన పోయినట్టున్నది.”

క్లాసులో అడిగినట్టే, “కరెక్టేనా మేడం?” అని అడిగింది.

నా పనే ఇతరుల వాక్యాల్లో తప్పులు పట్టడం. ఎవరేం మాట్లాడినా నా చెవి ముందు తప్పునే వింటుంది. ఆ చిన్న వాక్యాన్ని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వెతికాను. ఒక్క తప్పు దొరికితే కాదక్కా అందామనుకున్నాను. దొరకలేదు. వెళ్లిపోయిన ఆయన ముందున్నారు. మిగిలిపోయిన ఆమె చివర ఉంది.

“కరెక్టే అక్కా” అన్నాను.